దూరప్రాంత ఆప్టికల్ ఫైబర్ మార్గాల్లో సిగ్నల్‌ను కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు కేంద్రంగా ట్రాన్స్‌మిషన్ పనిలో ఉన్న నన్ను హైదరాబాద్, అనంతపురం, కడప వైపు మార్గాల మీద పనిచేసే టెక్నీషియన్లు, కొత్తగా చేరిన ఇంజనీర్లు, డిప్లొమా విద్యార్థులు అడిగే సందేహాలు ఏటా దాదాపు ఒకటే. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పి చెప్పి, చివరికి అన్నింటినీ ఒకచోట రాసి పెట్టడమే మేలనిపించింది. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్లి చదువుకునేందుకు వీలుగా ప్రతి జవాబునూ విడిగా రాశాను కనుక కొన్ని అంకెలు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. ఊళ్ల మధ్య దూరాలు రోడ్డు లెక్కన, సుమారుగా ఇచ్చినవి.

## మొదట తెలియవలసినవి

గాజు అంత స్వచ్ఛంగా ఉన్నప్పుడు కాంతి ఎందుకు తగ్గిపోతుంది?

ఫైబర్ గాజులో మలినాలు దాదాపు లేకపోయినా, గాజు గడ్డకట్టేటప్పుడు దాని సాంద్రతలో మిగిలిపోయే అతి సూక్ష్మమైన హెచ్చుతగ్గుల వల్ల కాంతి కొద్దికొద్దిగా పక్కలకు చెదురుతుంది. దీనినే రేలీ పరిక్షేపణం అంటారు. ఆకాశం నీలంగా కనబడటానికి కారణమూ ఇదే. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ ఈ చెదురుడు నాలుగో ఘాతంలో తగ్గుతుంది కనుక 1310 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకు సుమారు 0.35 డీబీ (డెసిబెల్, లెక్క తర్వాతి జవాబులో ఉంది) ఉండే నష్టం 1550 దగ్గర సుమారు 0.20 డీబీకి దిగుతుంది. ఇంకా పైకి వెళితే గాజే పరారుణ కాంతిని పీల్చుకోవడం మొదలుపెడుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని లోయలో కూర్చున్నందువల్లనే 1550 ప్రాంతం దూరప్రయాణానికి స్థిరపడింది. 1966లో శాస్త్రవేత్త చార్లెస్ కావ్ కిలోమీటరుకు 20 డీబీ నష్టం సాధించగలిగితే చాలు, గాజు తంతువు సమాచార ప్రసారానికి పనికివస్తుందని వాదించాడు. 1970లో కార్నింగ్ సంస్థ ఆ హద్దును దాటింది. నేడు మనం 100 కిలోమీటర్లకు ఖర్చుపెడుతున్న నష్టం, ఆనాడు ఒక్క కిలోమీటరుకు ఆశించిన నష్టమే.

డీబీ లెక్క నాకు ఎప్పుడూ పట్టుబడదు సార్, సులువుగా చెప్పండి.

మూడు అంకెలు గుర్తుంటే చాలు. 3 డీబీ పోతే సగం మిగులుతుంది, 10 డీబీ పోతే పదో వంతు, 20 డీబీ పోతే నూరో వంతు. డీబీ నిష్పత్తిని చెబుతుంది. డీబీఎం అసలు పవర్‌ను చెబుతుంది. 0 డీబీఎం అంటే 1 మిల్లీవాట్. డీబీఎం నుంచి డీబీని తీసివేయవచ్చు, కలపవచ్చు. రెండు డీబీఎంలను మాత్రం నేరుగా కూడరాదు. 0 డీబీఎం చొప్పున 80 చానళ్లు (ఒక్కో తరంగదైర్ఘ్యం ఒక్కో చానల్) ఒకే ఫైబర్‌లో వెళితే మొత్తం 19 డీబీఎం, అంటే సుమారు 80 మిల్లీవాట్లు అవుతుంది.

నష్టం ఎంత ఉన్నా పవర్ పెంచితే సరిపోదా?

నన్ను అన్నిటికన్నా ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇది, అన్నిటికన్నా ఎక్కువ మార్గాలను పాడుచేసిన ఆలోచన కూడా ఇదే. దూరపు లింకులో రిసీవర్‌కు కావలసింది ఎక్కువ కాంతి కాదు, రొదతో పోలిస్తే ఎక్కువ సిగ్నల్. యాంప్లిఫయర్ సిగ్నల్‌ను పెంచేటప్పుడు తన రొదను కూడా కలుపుతుంది, తర్వాతి యాంప్లిఫయర్ ఆ రెండింటినీ కలిపి పెంచుతుంది. అందువల్ల ఒకసారి రొద స్థాయికి దిగజారిన సిగ్నల్‌ను తర్వాత ఎంత పెంచినా నాణ్యత తిరిగి రాదు.

మరి మొదట్లోనే ఎక్కువ పవర్ ఎక్కిస్తే? కొంతవరకు లాభమే. అయితే ఫైబర్ మధ్యభాగం, అంటే కాంతి నడిచే కోర్, సుమారు 9 మైక్రాన్ల వెడల్పు మాత్రమే కనుక అంత ఇరుకులో పవర్ పెరిగితే గాజు వక్రీభవన గుణకమే కాంతి తీవ్రతను బట్టి మారుతుంది. దాని వల్ల చానల్ తన ఫేజ్‌ను తానే చెడగొట్టుకుంటుంది, పక్క చానళ్లదీ చెడగొడుతుంది. ఈ వక్రప్రభావాల (నాన్‌లీనియర్ ప్రభావాల) రొద పవర్‌కు మూడో ఘాతంలో పెరుగుతుంది: చానల్ పవర్ 1 డీబీ పెంచితే అది 3 డీబీ పెరుగుతుంది. అందుకే ప్రతి మార్గానికీ ఒక సరైన పవర్ ఉంటుంది. దానికి కింద యాంప్లిఫయర్ రొద ఏలుతుంది, దానికి పైన వక్రప్రభావాలు ఏలుతాయి. మార్గంలో నష్టాన్ని తగ్గించడం ఒక్కటే ఈ రెండు వైపులా దెబ్బ తగలని పద్ధతి.

## ప్రణాళిక దశ

కర్నూలు నుంచి అనంతపురానికి మధ్యలో యాంప్లిఫయర్ లేకుండా నేరుగా పంపవచ్చా?

దూరం సుమారు 150 కిలోమీటర్లు. అతుకులతో కలిపి కిలోమీటరుకు 0.22 డీబీ వేసుకుంటే మొత్తం నష్టం 33 డీబీ, అంటే రెండు వేలల్లో ఒక వంతు కాంతి మాత్రమే అవతలికి చేరుతుంది. ఒకటి రెండు చానళ్లయితే గట్టి పరికరాలతో నెట్టుకురావచ్చు. డీడబ్ల్యూడీఎం మీద, అంటే ఒకే ఫైబర్‌లో వేర్వేరు తరంగదైర్ఘ్యాలతో, పదుల చానళ్లు నడపాలంటే మధ్యలో యాంప్లిఫయర్ పెట్టే ఒక గది తప్పదు.

గది ఎక్కడ పెట్టాలన్నది లెక్కతో తేలుతుంది. ఎక్కించే పవర్, యాంప్లిఫయర్ రకం ఒకటే అయితే, ఒక్కో స్పాన్ (రెండు గదుల మధ్య ఉన్న ఫైబర్ భాగం) చివర చేరే రొద ఆ స్పాన్ నష్టానికి నేరు అనుపాతంలో ఉంటుంది. డీబీలో కాదు, మామూలు అంకెల్లో. 33 డీబీ ఒకే స్పాన్ అయితే రొద 2000 పాళ్లు. గుత్తిలో యాంప్లిఫయర్ పెడితే ఇటు 95 కిలోమీటర్లకు 21 డీబీ, అటు 55 కిలోమీటర్లకు 12 డీబీ. రొద 126, 16 కలిపి 142 పాళ్లు. సరిగ్గా నడిమధ్యన, ప్యాపిలి దరిదాపుల్లో పెడితే 45, 45 కలిపి 90 పాళ్లు. ఒకే స్పాన్‌తో పోలిస్తే గుత్తి 14 రెట్లు మేలు. నడిమధ్య గది దానికన్నా మరో 2 డీబీ మాత్రమే మేలు.

నేనైతే గుత్తికే ఓటు వేస్తాను. నిలకడైన కరెంటు, జంక్షన్ ఊరు కావడం వల్ల అర్ధరాత్రి కూడా మనిషి చేరగల వీలు, డీజిల్ తెప్పించుకునే వసతి, ఇవన్నీ ఆ 2 డీబీ కన్నా విలువైనవి. నడిమధ్యన ఊరికి దూరంగా కట్టిన గది వేసవిలో రెండుసార్లు ఆగిపోతే కాగితం మీద సంపాదించిన 2 డీబీలకు అర్థం లేదు.

ఓఎస్ఎన్ఆర్ ఎంత వస్తుందో పరికరాలు కొనకముందే తెలుసుకోవచ్చా?

ఓఎస్ఎన్ఆర్ అంటే రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత ఉందో చెప్పే నిష్పత్తి. స్పాన్లన్నీ దాదాపు సమానంగా ఉంటే ఒక చిన్న సూత్రం సరిపోతుంది. 58కి చానల్ పవర్‌ను డీబీఎంలో కలిపి, అందులోంచి ఒక స్పాన్ నష్టాన్ని, యాంప్లిఫయర్ నాయిస్ ఫిగర్‌ను (అది కలిపే రొద కొలతను), స్పాన్ల సంఖ్య లాగరిథమ్‌కు పది రెట్లను తీసివేయాలి. చానల్‌కు 0 డీబీఎం, స్పాన్‌కు 20 డీబీ, నాయిస్ ఫిగర్ 5, స్పాన్లు 5 అనుకుంటే 58 నుంచి 20, 5, 7 పోగా 26 డీబీ వస్తుంది. ఇది 1550 ప్రాంతంలో 0.1 నానోమీటర్ కొలత వెడల్పుకు వర్తించే లెక్క.

ఈ సూత్రంలో దాగి ఉన్న మరో సంగతి ఉంది. ప్రతి స్పాన్‌లోనూ 1 డీబీ నష్టం తగ్గిస్తే, అదే నాణ్యతతో దాటగల స్పాన్ల సంఖ్య సుమారు 26 శాతం పెరుగుతుంది. ఐదు స్పాన్లు వెళ్లే చోట ఆరు వెళ్లవచ్చు. ఆ 1 డీబీ చాలాసార్లు రెండు మురికి కనెక్టర్లలోనూ, ఒక తొందరపాటు అతుకులోనూ దాక్కుని ఉంటుంది.

ఫైబర్ ఏది ఎంచుకోవాలి: జి.652.డి, జి.655, జి.654.ఇ?

ఇవి ఫైబర్ రకాల ప్రమాణాల పేర్లు. కొత్తగా వేసేటప్పుడు జి.652.డి దాదాపు ఎప్పుడూ తప్పు ఎంపిక కాదు. 1550 దగ్గర దాని డిస్పర్షన్, అంటే తరంగదైర్ఘ్యాన్ని బట్టి వేగం మారి పల్స్ సాగిపోవడం, ఒక నానోమీటరు తేడాకు ఒక కిలోమీటరులో సుమారు 17 పికోసెకన్లు. ఒకప్పుడు దాన్ని దోషమనుకున్నారు, కాంతి ఫేజ్‌ను కూడా చదివి వంకరలను లెక్కతో సరిచేసుకునే కోహెరెంట్ పరికరాలు వచ్చాక అదే గుణమైంది. డిస్పర్షన్ ఎక్కువ ఉంటే పక్కపక్క చానళ్లు ఒకదానితో ఒకటి జతకలిసి నడవలేవు కనుక వాటి మధ్య వక్రప్రభావాలు పేరుకోవు. 1550 దగ్గర డిస్పర్షన్‌ను సున్నా చేసిన జి.653లో ఫోర్ వేవ్ మిక్సింగ్, అంటే చానళ్లు కలిసి అక్కరలేని కొత్త తరంగదైర్ఘ్యాలను పుట్టించడం, తీవ్రంగా వచ్చి డీడబ్ల్యూడీఎంకు అది పనికిరాకుండా పోయింది, మధ్యేమార్గంగా జి.655 వచ్చింది. జి.654.ఇ కోర్ వెడల్పుగా ఉండి, నష్టం కిలోమీటరుకు 0.17 డీబీ దరిదాపులకు తగ్గుతుంది. వందల కిలోమీటర్ల వెన్నెముక మార్గాలకు దాని ధర గిట్టుబాటవుతుంది, జిల్లా లోపలి మార్గాలకు కాదు.

కేబుల్ చుట్టి వచ్చే డ్రమ్ము 2 కిలోమీటర్లదైనా 4 కిలోమీటర్లదైనా ఫైబర్ ఒకటే కదా, తేడా ఏముంది?

అతుకుల సంఖ్యలో ఉంది. 150 కిలోమీటర్ల మార్గానికి 2 కిలోమీటర్ల డ్రమ్ములతో సుమారు 75 అతుకులు, 4 కిలోమీటర్ల డ్రమ్ములతో సుమారు 37 పడతాయి. అతుకుకు 0.05 డీబీ అయినా తేడా దాదాపు 1.9 డీబీ. పైగా ప్రతి అతుకూ ఒక చాంబర్ (అతుకును ఉంచే నేలలోని గుంట), ప్రతి చాంబరూ రేపు నీళ్లు చేరే చోటు.

లింక్ బడ్జెట్‌లో ఎంత మార్జిన్ వదలాలి?

కేబుల్ పాతబడటం కన్నా కేబుల్ తెగడాన్ని ఎక్కువ లెక్కలోకి తీసుకోవాలి. ఒకసారి తెగితే ఇరువైపులా కొంత పాడవుతుంది కనుక మధ్యలో కొత్త ముక్క వేస్తారు, అంటే ప్రతి కోతకూ రెండు అతుకులు పెరుగుతాయి. రోడ్డు విస్తరణ జరుగుతున్న మార్గంలో పది కోతలు పడటం వింతేమీ కాదు. రాత్రిపూట టార్చి వెలుగులో వేసిన అతుకు సగటున 0.1 డీబీ అనుకున్నా ఇరవై అతుకులకు 2 డీబీ కరిగిపోతుంది. స్పాన్‌కు 3 డీబీ వదలమని నేను చెబుతాను. విస్తరణ పనులు నడుస్తున్న చోట ఇంకొంచెం ఎక్కువ.

## కేబుల్ వేసే దశ

మా వైపు నాపరాయి తగులుతోంది, 1.65 మీటర్ల లోతు తవ్వలేకపోతున్నాం. పైపైన వేస్తే సిగ్నల్ తగ్గుతుందా?

లోతు తక్కువైనంత మాత్రాన సిగ్నల్ తగ్గదు. తెగే అవకాశం, నలిగే అవకాశం పెరుగుతాయి. దూరప్రాంత కేబుళ్లకు మన దగ్గర సాధారణంగా 1.65 మీటర్ల లోతు కోరతారు. బేతంచెర్ల, బనగానపల్లె, తాడిపత్రి చుట్టుపక్కల రెండడుగుల కిందే పలకరాయి ఎదురవుతుంది. అక్కడ లోతు తగ్గించక తప్పనప్పుడు కేబుల్ ఉండే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ గొట్టాన్ని (డక్ట్) ఇనుప పైపులోగానీ కాంక్రీటులోగానీ కప్పాలి. డక్ట్ కింద, పైన మెత్తని మట్టి పరవాలి. పలకరాయి పదునైన అంచు మీద డక్ట్ నేరుగా కూర్చుంటే, పైన లారీల బరువుకు ఏళ్ల తరబడి నొక్కుకుని, లోపలి ఫైబర్‌లో కంటికి కనబడని సూక్ష్మ వంపులు ఏర్పడతాయి. నల్లరేగడి నేలల్లో సమస్య వేరు. ఎండాకాలం నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బే ఆ మట్టి చాంబర్లను కదిలిస్తుంది కనుక జాయింటు దగ్గర అదనపు కేబుల్ చుట్టను తగినంత వదలాలి, దాన్ని బిగదీసి కట్టకూడదు.

స్తంభాల మీద వేసిన కేబుల్‌లో నష్టం ఎక్కువ ఉంటుందా?

కేబుల్ సరైనదైతే, కట్టు సరైనదైతే, కిలోమీటరు నష్టంలో తేడా ఉండదు. తేడా స్థిరత్వంలో వస్తుంది. గాలికి ఊగుతున్నప్పుడు కాంతి ధ్రువణ దిశ మారుతూ ఉంటుంది. కోహెరెంట్ రిసీవర్ దాన్ని వెంటాడి సరిచేసుకుంటుంది. హైటెన్షన్ టవర్ల మీద భూతీగలో ఇమిడి ఉండే ఓపీజీడబ్ల్యూ కేబుల్ అయితే పిడుగు పడినప్పుడు ఆ విద్యుత్ ప్రవాహపు అయస్కాంత క్షేత్రం ధ్రువణాన్ని ఒక్కసారిగా తిప్పేస్తుంది. ఉరుముల సాయంత్రాల్లో లెక్కకు అందని ఎర్రర్లు కొన్ని మైక్రోసెకన్లపాటు వచ్చి పోతుంటే ముందు అతుకులను అనుమానించకుండా, వాటి సమయాలను పిడుగుల సమయాలతో పోల్చి చూడండి.

## అతుకులు, కనెక్టర్ల దశ

స్ప్లైసర్ 0.01 డీబీ చూపించింది, ఓటీడీఆర్‌లో మాత్రం 0.2 వస్తోంది. ఏది నిజం?

స్ప్లైసర్ అంటే రెండు ఫైబర్ల అంచులను కరిగించి అతికించే యంత్రం. ఓటీడీఆర్ అంటే ఫైబర్‌లోకి కాంతి పల్స్ పంపి, వెనక్కి వచ్చే కాంతితో నష్టాన్ని దూరం వారీగా చూపే పరికరం. స్ప్లైసర్ కొలవదు, అంచనా వేస్తుంది. రెండు ఫైబర్ల అంచులను కెమెరాతో చూసి, అవి ఎంత సరిగా కుదిరాయో బట్టి ఒక అంకె చెబుతుంది. ఆ తర్వాత స్లీవ్ వేడిచేసేటప్పుడో, ట్రేలో చుట్టేటప్పుడో జరిగినది దానికి తెలియదు. నిజం ఓటీడీఆర్ వైపే ఎక్కువ, అదీ రెండు చివరల నుంచి కొలిచి సగటు తీసినప్పుడు. సగటు కూడా 0.1 దాటితే అతుకు కోసి మళ్లీ వేయండి. మూడుసార్లు వేసినా తగ్గకపోతే ఫైబర్‌ను కోసే క్లీవర్ బ్లేడు తిప్పండి, స్ప్లైసర్‌లో గాజును కరిగించే విద్యుత్ ఆర్క్‌కు కాలిబ్రేషన్ చేయండి. ఉదయం పొడిగాలిలో సరిచేసిన ఆర్క్ సాయంత్రం చినుకులకు సరిపోకపోవచ్చు.

కనెక్టర్ కొత్తదే, ప్యాకెట్‌లోంచి అప్పుడే తీశాం. దాన్ని కూడా తుడవాలా?

తుడవాలి. తుడిచే ముందు చూడాలి, తుడిచాక మళ్లీ చూడాలి. బేతంచెర్ల వైపు ఒక గదిలో కొత్త ప్యాచ్ కార్డును (చివరలకు కనెక్టర్లున్న చిన్న ఫైబర్ తీగను) సూక్ష్మదర్శిని స్కోపు కింద పెట్టినప్పుడు తెరమీద కనబడినది నాకు ఇప్పటికీ గుర్తుంది: నున్నని బూడిదరంగు వృత్తం, దాని నడుమ గోరంత కోర్, ఆ కోర్ అంచును సగం కప్పుతూ పలకరాయి పాలిష్ ధూళి రేణువు ఒకటి. చేతికి తగలదు, కంటికి ఆనదు. కోర్ 9 మైక్రాన్లు, ఆ రేణువు 4 మైక్రాన్లు. పొడి క్లీనర్‌తో ఒక్కసారి తిప్పగానే పోయింది, 0.8 డీబీ నష్టం 0.2కు దిగింది. తుడవకుండా బిగించి ఉంటే ఆ గట్టి రాతిపొడి రెండు అంచుల మధ్య నలిగి, గాజు మీద శాశ్వతంగా గుంట పెట్టేది. చొక్కా అంచుతో తుడవడం, నోటితో ఊదడం తుడవకపోవడం కన్నా చెడ్డవి.

ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం అడాప్టర్‌లో పెడితే లైట్ వస్తోంది. అలా వదిలేయవచ్చా?

వదలవద్దు. ఆకుపచ్చ ఏపీసీ అంచు 8 డిగ్రీల వాలుతో, నీలం యూపీసీ అంచు వాలు లేకుండా ఉంటాయి. రెండూ కలిసినచోట గాలి సందు మిగిలి కొన్ని డీబీల నష్టం వస్తుంది, అంచులు గీసుకుపోతాయి.

1310లో లింక్ బాగానే ఉంది, 1550లో నష్టం ఎక్కువ. ఎందుకు?

దాదాపు ఎప్పుడూ వంపే. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ కాంతి కోర్ నుంచి బయటికి ఎక్కువగా పరుచుకుని నడుస్తుంది కనుక వంపు దగ్గర త్వరగా జారిపోతుంది. ఒకసారి ఓర్వకల్లు దాటాక ఒక చాంబర్ తెరిస్తే, అతుకులను ఉంచే క్లోజర్ పెట్టె ట్రేలో నీలం ఫైబర్ ఒకటి మూత బిగించే స్క్రూ పక్కన ఇరుక్కుని, కందిగింజ చుట్టూ తిప్పినట్టుగా వంగి ఉంది. ఆ అతుకు 1310లో 0.04 డీబీ చూపేది, 1550లో 0.7, 1625లో దాదాపు 2. అతుకు వేసినవారు 1310లో మాత్రమే పరీక్షించి సంతకం పెట్టి వెళ్లారు. ఫైబర్‌ను వేలితో పైకి ఎత్తగానే ఓటీడీఆర్ గీత చదునైంది. జి.652 ఫైబర్‌ను ట్రేలో చుట్టేటప్పుడు 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కన్నా బిగుతుగా తిప్పకండి, పరీక్ష 1550లోనూ, వీలైతే 1625లోనూ చేయండి.

## పరీక్ష దశ

ఓటీడీఆర్‌లో అతుకు దగ్గర గీత పైకి లేచింది. అతుకులో సిగ్నల్ పెరుగుతుందా?

పెరగదు. ఓటీడీఆర్ తిరిగి వెనక్కి చెదిరి వచ్చే కాంతిని మాత్రమే చూస్తుంది. అవతలి ఫైబర్ కోర్ కొద్దిగా సన్నగా ఉంటే అది వెనక్కి ఎక్కువ కాంతిని చెదరగొడుతుంది, గీత లేచినట్టు కనబడుతుంది. అదే అతుకును అవతలి చివర నుంచి చూస్తే లేని నష్టం ఉన్నట్టు కనబడుతుంది. ఇటు నుంచి మైనస్ 0.10, అటు నుంచి 0.18 వస్తే అసలు నష్టం వాటి సగటు, 0.04. ఒకవైపు కొలతలతో బిల్లు పాస్ చేయడం రెండు పక్షాలకూ అన్యాయమే.

ఓటీడీఆర్ చెప్పిన దూరంలో తవ్వితే కోత కనబడలేదు. పరికరం చెడిందా?

పరికరం ఫైబర్ పొడవును చెబుతుంది, రోడ్డు పొడవును కాదు. కేబుల్ లోపల ఫైబర్ కొంచెం వదులుగా ఉంటుంది, ప్రతి జాయింటు దగ్గర చుట్టలు ఉంటాయి, వంతెనల దగ్గర కేబుల్ ఎక్కి దిగుతుంది. వక్రీభవన గుణకం అమరిక కూడా చూసుకోండి: 1.4677కు బదులు 1.4700 పెడితే 50 కిలోమీటర్ల దగ్గర సుమారు 80 మీటర్ల తేడా వస్తుంది. అనుభవం ఉన్నవారు చివర నుంచి లెక్కపెట్టరు. కోతకు దగ్గరలో ఉన్న తెలిసిన జాయింటు నుంచి లెక్కపెడతారు. అందుకే ప్రతి జాయింటుకూ ఓటీడీఆర్ దూరం, కిలోమీటరు రాయి నంబరు పక్కపక్కన రాసిన పుస్తకం ఒకటి గదిలో ఉండాలి.

పల్స్ విడ్త్ ఎంత పెట్టాలి?

వెడల్పు పల్స్ దూరం చూస్తుంది, సన్నని పల్స్ వివరం చూస్తుంది. 10 మైక్రోసెకన్ల పల్స్ ఫైబర్‌లో 1 కిలోమీటరును కప్పేస్తుంది. 1 మైక్రోసెకన్ 100 మీటర్లను, 10 నానోసెకన్లు 1 మీటరును. గది లోపలి కనెక్టర్ల కోసం సన్నది, మొత్తం స్పాన్ కోసం వెడల్పుది, రెండుసార్లు తీయండి.

## యాంప్లిఫయర్లు, పరికరాల దశ

ఈడీఎఫ్ఏ ఉండగా రామన్ యాంప్లిఫయర్ ఎందుకు?

ఎర్బియం కలిపిన ఫైబర్‌తో కాంతిని కాంతిగానే పెంచే ఈడీఎఫ్ఏను 1987లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం చూపించింది. అంతకుముందు కొన్ని పదుల కిలోమీటర్లకొకసారి కాంతిని విద్యుత్తుగా మార్చి, తిరిగి కాంతిగా పంపవలసి వచ్చేది. ఈడీఎఫ్ఏ 1530 నుంచి 1565 నానోమీటర్ల వరకు ఉన్న చానళ్లన్నింటినీ ఒకేసారి పెంచుతుంది, అయితే స్పాన్ దాటి నీరసించిన సిగ్నల్‌నే అందుకుంటుంది. రామన్ పద్ధతిలో సుమారు 1450 నానోమీటర్ల పంపు కాంతిని స్పాన్ చివర నుంచి వెనక్కి ఎక్కిస్తారు. దానితో కేబుల్ ఫైబరే యాంప్లిఫయర్ అవుతుంది. సిగ్నల్ రొద స్థాయికి పడిపోకముందే, చివరి 20 కిలోమీటర్లలో పెరగడం మొదలవుతుంది. 30 డీబీ దాటిన స్పాన్లకు దీని లాభం స్పష్టంగా కనబడుతుంది.

షరతు ఒక్కటే: గది నుంచి మొదటి 20 కిలోమీటర్లలో అతుకులు, కనెక్టర్లు నిర్దోషంగా ఉండాలి. పంపు పవర్ అర వాట్ దగ్గర నుంచి మొదలవుతుంది కనుక మురికి కనెక్టర్ అంచు నిజంగానే కాలిపోతుంది. ఆ కాంతి కంటికి కనబడదు; రామన్ నడుస్తున్న ఫైబర్ చివరను ఎట్టి పరిస్థితుల్లోనూ చూడకండి. లేజర్ ఆపి, ఆగిందని మీటర్‌తో తేల్చుకున్నాకే కనెక్టర్ విప్పండి.

కోహెరెంట్ కార్డులు వచ్చాయి. పాత డీసీఎంలు తీసేయవచ్చా?

డీసీఎం అంటే డిస్పర్షన్‌ను సరిచేసే మాడ్యూల్. లైన్ మీద కోహెరెంట్ చానళ్లే ఉంటే తీసేయండి, తీసేస్తేనే మేలు. 80 కిలోమీటర్ల డిస్పర్షన్‌ను సరిచేసే ఒక మాడ్యూల్ మార్గంలో మరో 6, 7 డీబీల నష్టాన్ని చేర్చి, ఆ నష్టం పూడ్చడానికి మరో యాంప్లిఫయర్‌ను, దాని రొదను తెస్తుంది. కోహెరెంట్ రిసీవర్ డిస్పర్షన్‌ను గణితంతోనే సరిచేసుకుంటుంది. అదే లైన్ మీద పాత 10జీ చానళ్లు ఉంటే మాత్రం తొందరపడకండి. 150 కిలోమీటర్లకు పోగయ్యే డిస్పర్షన్ నానోమీటరుకు సుమారు 2550 పికోసెకన్లు. మామూలు 10జీ కార్డు అంత భరించలేదు. పాత చానళ్లను మరో ఫైబర్‌కు మార్చి, ఆ తర్వాత మాడ్యూళ్లు విప్పండి.

100జీ నడుస్తున్న చోట 16 క్వామ్ పెట్టి 200జీ చేస్తే సరిపోతుంది కదా?

క్యూపీఎస్కే, 16 క్వామ్ అనేవి కాంతి మీద డేటాను ఎక్కించే పద్ధతులు (మాడ్యులేషన్లు), 100జీ అంటే సెకనుకు 100 గిగాబిట్లు. ఓఎస్ఎన్ఆర్ మిగులు ఉంటే సరిపోతుంది. అదే సింబల్ వేగంతో క్యూపీఎస్కే నుంచి 16 క్వామ్‌కు మారితే సామర్థ్యం రెట్టింపవుతుంది, కానీ సుమారు 7 డీబీ ఎక్కువ ఓఎస్ఎన్ఆర్ కావాలి. అంటే దాటగల దూరం ఐదో వంతుకు పడుతుంది. కర్నూలు నుంచి హైదరాబాద్, సుమారు 215 కిలోమీటర్లు, బాగానే నడుస్తుంది. అదే కార్డును మార్గం మార్చి కడప, తిరుపతి మీదుగా చెన్నైకి తిప్పితే ఎర్రర్లు మొదలైతే ఆశ్చర్యపోకండి. ప్రత్యామ్నాయ మార్గం పొడవుకు లెక్క వేశాకే మాడ్యులేషన్ నిర్ణయించండి.

ఎర్రర్లు సున్నా చూపిస్తున్నాయి. లింక్ బాగున్నట్టేనా?

ఎఫ్ఈసీ (రిసీవర్‌లో ఎర్రర్లను సరిదిద్దే ఏర్పాటు) సరిదిద్దిన తర్వాతి ఎర్రర్లు సున్నా అయినంత మాత్రాన నమ్మకండి. అది కొండ అంచు వరకు చదునుగా ఉండే దారి. చూడవలసింది సరిదిద్దడానికి ముందు ఎర్రర్ రేటు. అది వారం వారం పెరుగుతూ ఉంటే ఎక్కడో చాంబర్‌లో నీరు చేరుతోంది, లేదా కనెక్టర్ చెడుతోంది. వారానికి ఒకసారి ఆ అంకెను రాసి పెట్టుకున్నవారు అర్ధరాత్రి ఫోన్లు తక్కువ ఎత్తుతారు.

## నడుపుతున్న దశ

అనంతపురం వేసవిలో గది ఏసీ ఆగితే సిగ్నల్‌కు ఏమవుతుంది?

ఫైబర్‌కు ఏమీ కాదు, లేజర్‌కు అవుతుంది. ఇక్కడ వాడే డీఎఫ్‌బీ రకం లేజర్ తరంగదైర్ఘ్యం డిగ్రీకి సుమారు 0.1 నానోమీటర్ జరుగుతుంది. 50 గిగాహెర్ట్జ్ గ్రిడ్‌లో చానళ్ల మధ్య ఎడం 0.4 నానోమీటర్లే కనుక నియంత్రణ తప్పితే నాలుగు డిగ్రీలకే చానల్ పక్కింట్లోకి వెళుతుంది. లేజర్ లోపలి చిన్న కూలర్ దాన్ని పట్టి ఉంచుతుంది. గది 50 డిగ్రీలకు చేరితే ఆ కూలర్ అలసిపోతుంది. మొదట యాంప్లిఫయర్లకు శక్తినిచ్చే పంపు లేజర్ల కరెంటు పెరుగుతుంది, ఆ అలారాన్ని చిన్నదని కొట్టిపారేయకండి.

ఒకవైపు చానళ్లు ఒక్కసారిగా ఆగితే, ఆగని చానళ్లలో కూడా ఎర్రర్లు ఎందుకు?

యాంప్లిఫయర్ మొత్తం పవర్‌ను పంచుతుంది. సగం చానళ్లు మాయమైతే మిగిలిన వాటికి ఎక్కువ వాటా దక్కి పవర్ ఎగురుతుంది. గెయిన్‌ను స్థిరంగా ఉంచే అమరిక ఉన్న యాంప్లిఫయర్ దీన్ని అదుపు చేస్తుంది. మొత్తం అవుట్‌పుట్ పవర్‌ను స్థిరంగా ఉంచే అమరికలో ఉంటే ఇబ్బంది తప్పదు.

రోజూ రాత్రి తొమ్మిదికి నెట్ నెమ్మదిస్తుంది. ఫైబర్ తప్పా?

సాధారణంగా కాదు. ఫైబర్ లోపానికి గడియారం తెలియదు. వాడకందారులు పెరిగి, రూటర్ లేదా అప్‌లింక్ నిండుతోంది.

యాంప్లిఫయర్లు పెంచితే ఆలస్యం తగ్గుతుందా?

తగ్గదు. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు, అంటే కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు. కర్నూలు నుంచి హైదరాబాద్‌కు ఒకవైపు సుమారు 1.1 మిల్లీసెకన్లు. దగ్గరి మార్గం ఎంచుకోవడమే ఉపాయం.

కొత్త కేబుల్‌కు డబ్బులు లేవు. ఉన్న మార్గంలోనే సామర్థ్యం పెంచాలంటే ఏ క్రమంలో పనిచేయాలి?

మొదట రెండు చివరల ప్యాచ్ ప్యానెళ్లలోని ప్రతి కనెక్టర్‌ను స్కోపుతో చూసి తుడవండి. దీనికి ఖర్చు ఒక రోజు కూలీ, కొన్ని క్లీనర్లు. తర్వాత 1550లో రెండువైపులా ఓటీడీఆర్ తీసి, 0.2 డీబీ దాటిన అతుకుల జాబితా రాసి, ఎక్కువ నష్టం ఉన్నదానితో మొదలుపెట్టి మళ్లీ వేయండి. గతంలో తెగినప్పుడు తాత్కాలికంగా వేసిన ముక్కలు చాలాచోట్ల అలాగే మిగిలిపోయి ఉంటాయి. వరుసగా మూడు చిన్న ముక్కలు ఉన్నచోట ఒకే పొడవు ముక్క వేస్తే నాలుగు అతుకుల దాకా తగ్గుతాయి. ఆ తర్వాతే చానళ్ల పవర్‌లను సమం చేయండి, అక్కరలేని డీసీఎంలు విప్పండి, కోహెరెంట్ కార్డుల గురించి ధరలు అడగండి. రామన్ చివరిది, ఎందుకంటే పైపనులు జరగని మార్గంలో అది కనెక్టర్లను కాల్చడం తప్ప ఏమీ చేయదు. ఈ వరుసలో మొదటి రెండు పనులు అయ్యాక కొలతలు మళ్లీ తీసి చూడండి. కొత్త పరికరం కోసం రాసిన ఇండెంట్‌ను వెనక్కి తీసుకున్నవారు నాకు తెలుసు.